ఇసోకిచి కోసం ఒక్క గుక్క

యాయిజు
అక్టోబరు, 1978

బావగారికి,

హమాయోని. కొత్తసంవత్సరం కార్డు మీద మీ తమ్ముడు రాసే రెండు ముక్కల కింద నా పేరు పెట్టడమే తప్ప మీకు నేనుగా ఉత్తరం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే నవ్వుకోండి.

చుట్టూ తిప్పకుండా చెప్పేస్తాను. మీ తమ్ముడికి నాలుక తీసేశారు. నోట్లో పుండు అనుకున్నాం, క్యాన్సరన్నారు. వేసవిలో ఆపరేషన్ చేశారు. దానికి ముందు ఇంకా మాట ఉంది కదా, "అన్నయ్యకి బియ్యం పులియబెట్టి సాకె చేసే కొట్టు పనులే బోలెడు, ఇది కూడా ఆయన నెత్తిన ఎందుకు" అని నన్ను రాయనివ్వలేదు. ఇప్పుడు ఇంటికి తెచ్చుకున్నాను. ముక్కులోంచి గొట్టం వేశారు, గంజీ పాలూ దాన్లోంచే. మెడకి చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరి అక్కడినుంచే. దాంతో వాసన కూడా తెలియదట. పడవలు చెక్కిన చేతులు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఏం కావాలన్నా పలక మీద రాసి చూపిస్తాడు.

మొన్న ఏం రాశాడో తెలుసా? "ఇవనొసావ నుంచి ఇంటి సాకె తెప్పించు" అని. నాకు ఒళ్లు మండింది. "గొట్టంలో పోసుకుంటావా?" అన్నాను. తల అడ్డంగా ఊపి రాశాడు: "నువ్వు తాగు. ఎలా ఉందో నాకు చెప్పు."

నేను తాగడమేమిటి బావగారూ! మా పెళ్లిలో పట్టించిన మూడు గుక్కలకే పెరట్లోకి పరిగెత్తినదాన్ని. చిన్నప్పట్నుంచి పొగచేపల షెడ్డులో పనిచేసినదాన్ని, నాకు తెలిసిన వాసనలు చేపా పొగా బూజూ, అంతే. అదే చెప్పాను. దానికాయన, "ముక్కుంది కదా, చాలు" అని రాసి, పలక నా ఒళ్లో పెట్టేసి పడుకున్నాడు.

ఈ ఏడాది సాకె ఒక సీసా పంపండి. వీలైతే ఒకసారి వచ్చి చూసి వెళ్లండి. మనిషి బాగా తగ్గిపోయాడు.

మీ మరదలు
హమాయో


ఇవనొసావ, అకిత
అక్టోబరు చివర

అమ్మా హమాయో,

నీ ఉత్తరం అందింది. గుమ్మంలో నిలబడే చదివాను. ఇక్కడ కొండల మీద ఇప్పటికే తెల్లగా పడింది, ఈసారి మంచు తొందరపడుతోంది.

ఇసో నాలుకా! ఎవరిది పోయినా వాడిది పోతుందని నేనెన్నడూ అనుకోలేదు. పదేళ్ల వయసులో మా నాన్న ముందు ఐదు గిన్నెలు వరసగా పెడితే, ఏది ఏ తొట్టిదో కళ్లు మూసుకుని చెప్పేసేవాడు. నేను ఊహించి చెప్పేవాణ్ణి. మేస్త్రీ గోఇచి పక్కకి తిరిగి నవ్వుకునేవాడు.

సీసా రైలు పార్సిల్లో పంపాను. మన "కొకెషిమిజు" సాకెయే, సీసా మీద మన చీటీయే. వేసవంతా చల్లటి కొట్లో నిద్రపోయి లేచిన సాకె. దాన్ని ఎలా తాగాలో చెబుతాను, భయపడకు. ముందు చల్లగానే చిన్న గిన్నెలో పోసి వాసన చూడు. తర్వాత చిన్న బుడ్డిలో పోసి, దాన్ని వేడినీళ్ల గిన్నెలో దించి, పట్టుకుంటే మన ఒంటివేడంత ఉన్నప్పుడు తియ్యి. గుక్క నోట్లో పెట్టుకుని వెంటనే మింగకు. మింగాక ముక్కుతో గాలి వదులు. అసలు సంగతంతా ఆ గాలిలోనే తెలుస్తుంది.

తమ్ముడితో చెప్పు: కోతలయ్యాయి, బియ్యం బాగున్నాయి, పనివాళ్లు దిగుతున్నారు, తెల్లారేసరికి కొట్టంతా ఆవిరి. గోఇచి ఇంకా గొణుగుతూనే ఉన్నాడని చెప్పు, నవ్వుతాడు. ఈ సీజన్లో నేను కదలడానికి లేదు, నీకు తెలియనిదేముంది. వసంతంలో తప్పకుండా వస్తాను.

వాణ్ణి జాగ్రత్తగా చూసుకో తల్లీ.

జిన్నోసుకె


యాయిజు
నవంబరు

బావగారికి,

సీసా చేరింది. చీటీ చూడగానే మీ తమ్ముడు దాన్ని ఒళ్లోకి తీసుకుని, పసిపిల్లాణ్ణి చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ రోజు గడ్డం కూడా గీయించుకున్నాడు.

మీరు చెప్పినట్టే చేశాను. వాసన చూసి, "సాకె వాసన" అన్నాను. ఆయన పలక మీద: "గొప్ప సంగతి కనిపెట్టావు." మళ్లీ చూశాను. "పండు" అన్నాను. "ఏ పండు?" అని రాశాడు. "ఏమో, బేరిపండు. బాగా పండినది, కోసి పెట్టాక కాసేపటికి వచ్చే వాసన" అన్నాను. ఆయన కనుబొమలు ముడేసి, "కాదు. మళ్లీ చూడు" అన్నాడు, అంటే రాశాడు. మళ్లీ చూసినా నాకు బేరిపండే. మూడోసారికి "మొద్దు" అని పలక నిండా రాసి నా ముందు పెట్టాడు. నాకు నవ్వాగలేదు. ఆయనకీ ఆగలేదు. ఇప్పుడు ఆయన నవ్వితే చప్పుడు రాదు బావగారూ, భుజాలు కదులుతాయి, మెడ దగ్గర గాలి చిన్నగా ఈలేస్తుంది. ఆపరేషన్ తర్వాత నవ్వడం అదే మొదటిసారి.

గుక్కేశాను. గొంతు మండింది, కళ్లలో నీళ్లొచ్చాయి. "మెత్తగా ఉంది, తియ్యగా ఉంది" అని చెప్పాను. అప్పుడాయన సీసా వైపు చూసి ఏదో ఆలోచనలో పడ్డాడు.

అప్పట్నుంచీ నాకు చదువు మొదలైంది. పొద్దున బావినీళ్లు, కొళాయినీళ్లు పక్కపక్కన పెట్టి తేడా చెప్పమంటాడు. రెండు రకాల టీ పోసి చెప్పమంటాడు. నేను పొరపాటు చెబితే చేత్తో నేల మీద కొడతాడు. "షెడ్డు వదిలి ఇన్నేళ్లయినా నీ ముక్కులోంచి చేప పోలేదు" అని రాశాడు. "ఆ చేపే మనకి అన్నం పెట్టింది" అన్నాను. సాయంత్రం అయిదయ్యేసరికి నేను కెటిల్ పెడతానా లేదా అని చూస్తూ ఉంటాడు. రోజు మొత్తంలో ఆయన దేనికోసమైనా కాచుకుని కూర్చునేది ఆ ఒక్క వేళే.

ఆయన ఏమంటాడంటే, మీ ఇంటి సాకెలో పండు వాసన ఉండదట, ఎప్పుడూ లేదట. తప్పు నాదే అయ్యుంటుంది. ఇంకో సీసా పంపితే ఈసారి జాగ్రత్తగా చూస్తాను.

హమాయో


ఇవనొసావ
డిసెంబరు

అమ్మా హమాయో,

గుమ్మం దాకా మంచు. పార నా చేతికి అతుక్కుపోయినట్టుంది.

బేరిపండు సంగతి. నీ తప్పేమీ లేదు, కంగారుపడకు. ఈ మధ్య పులియబెట్టడంలో కొత్త పద్ధతులొచ్చాయి, ఊళ్లో వాళ్లకి కాస్త సువాసన కావాలి, అందుకని మేమూ మార్చాం. అంతే. తమ్ముడు పాతకాలం మనిషి కదా, వాడికి ఆ రోజులే గుర్తు.

ఇంకో సీసా పంపుతున్నాను. ఇది పాత పద్ధతిలోది, వాడికి తెలిసిన రకం. ఒక మాట చెబుతాను, తప్పుగా అనుకోకు. కొత్తగా తాగేవాళ్లకి వాసనలు పోల్చుకోవడం కష్టం. నీకు దొరక్కపోతే ఇలా చెప్పు: పెనం మీద వేయించిన బియ్యం వాసన. ఆ వెనక, వాన పడ్డాక అడవిలో నేల వాసన. నోట్లో పుల్లగా, గట్టిగా. ఇదే మన కొకెషిమిజు. వాడికది వింటే చాలు, ప్రాణం లేచొస్తుంది. జబ్బుతో ఉన్నవాణ్ణి సంతోషపెట్టడంలో తప్పేముంది?

ఇక్కడంతా మామూలే. తెల్లవారుజామున బియ్యం ఉడికే ఆవిరికి పక్కనున్న మనిషి కనపడడు. గోఇచి కుర్రాళ్లని తిడుతున్నాడు.

నీ ఆరోగ్యం కూడా చూసుకో. ఆడదానివి, ఒక్కదానివి, అంత బరువు లాగుతున్నావు.

జిన్నోసుకె


యాయిజు
జనవరి, 1979

బావగారికి,

కొత్తసంవత్సరం శుభాకాంక్షలు చెప్పే స్థితిలో లేను నేను. మెడలో మళ్లీ గడ్డ లేచింది. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, ఇంకోసారి కత్తి పెట్టి లాభం లేదన్నాడు. లోపలికొచ్చేసరికి మీ తమ్ముడు పలక మీద "తెలుసు" అని రాసి ఉంచాడు.

ఆ సాయంత్రమే రెండో సీసా తీశాం. ఆయనే తియ్యమన్నాడు.

మీరు నేర్పిన మాటలు నేను అప్పజెప్పాను. వేయించిన బియ్యం అన్నాను. వానకి తడిసిన అడవి నేల అన్నాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ముఖం విప్పారింది. నేను బతికిపోయాననుకున్నాను. అప్పుడు కళ్లు తెరిచి రాశాడు: "మింగాక ఏం మిగిలింది?"

అది మీరు చెప్పలేదు కదా బావగారూ. నిజంగానే మింగి చూసి, ఉన్నది చెప్పాను. "తీపి. పోవడం లేదు. నాలుక మీద బెల్లం పాకంలా అతుక్కునుంది" అన్నాను.

ఆయన పలక తుడిచాడు. ఆ పైన రాసింది ఇది: "మా ఇంటి సాకె మింగాక ఏమీ మిగలదు. పచ్చి ఆకు కొరికినంత చేదు వస్తుంది, పోతుంది. నోరు కడిగేసినట్టుంటుంది. అందుకే ఇంకో గుక్క తాగాలనిపిస్తుంది." దాని కింద: "ముందు చెప్పినవి నీ మాటలు కావు. అన్నయ్యవి."

నేను ఏడ్చాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా రాశాడు. నాకున్న నాలుక నీదొక్కటే, సాకె విషయంలో నాకు అబద్ధం చెప్పకు, అని. నేను మాటిచ్చాను.

రాత్రంతా ఆయన నిద్రపోలేదు. పొద్దున్నే పలక నా ముందు పెట్టాడు: "కొట్టు మూసేశారు. అన్నయ్యని అడుగు."

అడుగుతున్నాను. ఆ రెండు సీసాలూ ఎవరివి? మీ కొట్లో సాకె తయారవుతోందా లేదా? నాకు ఆవిరి కబుర్లొద్దు. అవునో కాదో రాయండి.

హమాయో


ఇవనొసావ
ఫిబ్రవరి

అమ్మా,

కాదు.

మూడు చలికాలాలుగా కొట్లో పొయ్యి వెలగలేదు. గోఇచి పోయి నాలుగేళ్లయింది. వాడి దగ్గర పనిచేసిన కుర్రాళ్లు, వెనకటికి కోతలయ్యాక చలికాలమంతా మా తొట్ల దగ్గరుండేవాళ్లు, ఇప్పుడు టోక్యో వెళ్లి సొరంగాలు తవ్వుతున్నారు. అక్కడిచ్చే కూలి నేనివ్వలేను. చివరి ఏడాది ఇద్దరు ముసలివాళ్లతో, నేనే మేస్త్రీనై తొట్లు పెట్టాను. వచ్చిన దాన్ని తాగి బాగుందనుకున్నాను. కొన్నవాళ్లు ఒక్కొక్కరే మానేశారు, ఎందుకో ఎవరూ ముఖం మీద చెప్పలేదు. మా ఇంట్లో నా ముఖం మీద నిజం చెప్పినవాడు ఒక్కడే ఉండేవాడు. చిన్నప్పుడు మూడో తొట్టి చెడిపోయిందని వాడంటే, నేను కాదన్నాను, నాన్న పెద్దకొడుకు మాటే నిలబెట్టాడు. ఆ తొట్టి సంగతేమయిందో ఊరంతా చూసింది. ఆ మరుసటి ఏడే నాన్న వాణ్ణి పడవల పనికి పంపేశాడు. ఇంట్లో ఇద్దరు యజమానులు ఉండకూడదని.

నాలుక వాడిది. ఇల్లు నాకిచ్చారు.

ఇప్పుడా కొట్లో ఎరువుల బస్తాలు పెట్టుకుంటున్నారు. తొట్లు విప్పి చెక్కలు పట్టుకుపోయారు. నేను మంచుకొండ దగ్గర, టోక్యో నుంచి వచ్చే పిల్లలకి మంచు మీద జారే స్కీ చెప్పులు అద్దెకిచ్చే చోట కూర్చుంటున్నాను. "తాతా, నా సైజు!" అని అరుస్తారు. వంగి వాళ్ల కాళ్లకి తొడుగుతాను. కొకెషిమిజు జిన్నోసుకె గారు! నా భార్య, మీ అక్కయ్య ఒరియె, పోయినేడు తన పుట్టింటికి వెళ్లిపోయింది. ఇదీ రాయలేదు నీకు.

చీటీలు ఒక కట్ట మిగిలాయి. మొదటి సీసాలో యొకొతె ఊరి సాకె పోసి అతికించాను. రెండోదానికి నాలుగూళ్లు తిరిగి, దగ్గరగా ఉందని నాకనిపించినది కొన్నాను. నాకనిపించింది! నా నాలుకని నమ్మి మళ్లీ మోసపోయాను.

వసంతంలో వస్తానన్నాను, ఏ ముఖం పెట్టుకుని వస్తాను? ఒక్కటి మాత్రం చేస్తాను. గోఇచి చేత్తో చేసిన అసలు సీసా ఈ లోయలో ఎక్కడో ఒక ఇంట్లో ఉండకపోదు. అది పట్టుకుని వస్తాను. వాడికి చెప్పు.

జిన్నోసుకె


యాయిజు
మార్చి

బావగారికి,

మీ ఉత్తరం మొత్తం ఆయనకి చదివి వినిపించాను, ఒక్క మాట మింగకుండా. చెప్పుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతే, చదవమని చేత్తో సైగ చేశాడు.

విని గోడవైపు తిరిగాడు. ఆ రోజు పలక ముట్టుకోలేదు. మరునాడూ లేదు. సాయంత్రం కెటిల్ పెట్టబోతే వద్దన్నాడు. నాకు మీ మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఆ అబద్ధమే నిలిచి ఉన్నా బాగుండేదని ఒకపక్క, ఇంత చేతకాని అబద్ధం ఎందుకాడారని ఇంకోపక్క.

తర్వాతి రోజు పొద్దున లేచి కూర్చుని రాశాడు. అక్షరాలు వంకర పోతున్నాయిప్పుడు. "సీసా వద్దు. అన్నయ్యని రమ్మను."

నేను పైకి చదివాను, సరిగ్గా చదివానా అని. తల ఊపాడు. కింద ఇంకో మాట చేర్చాడు: "ఉత్త చేతులతో."

రండి బావగారూ. మీ మీద కోపం నాదే, ఆయనది కాదు. చెప్పులమ్మినా, అద్దెకిచ్చినా ఆయనకేం పట్టదు. చిన్నప్పుడు మీరిద్దరూ కొట్టు వెనక వాగులో బట్టలు తడుపుకుని, మీ అమ్మకి దొరక్కుండా పొయ్యి దగ్గర ఆరబెట్టుకున్నారట. రాత్రి నాకు అది రాసి చూపించాడు. రాయడానికి ఎంతసేపు పట్టిందో! అలాంటివి మాట్లాడుకోవడానికి ఆయనకి మనిషి కావాలి. నాకా వాగు తెలియదు.

త్వరగా రండి.

హమాయో


ఇవనొసావ
ఏప్రిల్

అమ్మా హమాయో,

మంచు కరిగి దారులన్నీ బురద. అయినా తిరుగుతున్నాను. మంచుకొండ దగ్గర పని ఈ ఏటికి అయిపోయింది, రోజూ పొద్దున్నే బయల్దేరతాను.

మంగలి తొరమత్సు పెళ్లాన్ని అడిగితే నవ్వింది. "మీ సాకె మా ఆయన ఉన్నన్నాళ్లు ఇంట్లో మిగలనిచ్చాడా? సీసా కడిగిన నీళ్లు కూడా తాగేవాడు!" చాపలు నేసే ముసలాయన తలెత్తకుండా, "ఇప్పుడొచ్చి వెతుకుతున్నారా? ఆపేసిన రోజు ఒకటి దాచుకోవలసింది మీరు కదా" అన్నాడు. గుడిలో ఒక సీసా ఉండేదట, వంటామె చేపల కూరలో పోసేసింది. "చాలా బాగా కుదిరిందండీ కూర" అని నాతోనే అంది. ఏం చెప్పను?

పై ఊళ్లో సోబె అనే రైతు ఇంట్లో ఉందని కబురు. ఆయన పోయాడు. ముసలావిడ కొడుకు దగ్గరికి వెళ్లింది, తిరిగొచ్చేదాకా తలుపు తీసేవాళ్లు లేరు. ఈ వారం కాకపోతే వచ్చే వారం వస్తుందంటున్నారు.

తమ్ముడు ఉత్త చేతులతో రమ్మన్నాడు, చదివాను. వాడు అలాగే అంటాడు, చిన్నప్పట్నుంచీ అంతే, తనకేం కావాలో అడగడు. కానీ నేనెలా రాను? ఇల్లు ఊడ్చుకుపోయింది, కనీసం ఆ ఇంటి గుక్కయినా వాడి ముందు పెట్టకపోతే నేను అన్నని ఎలా అవుతాను? ఇంకొక్క వారం ఆగమను. వాణ్ణి ఆగమను హమాయో.

జిన్నోసుకె


యాయిజు
ఏప్రిల్

బావగారూ,

వెతకడం ఆపండి. రైలెక్కండి. పలక పట్టుకునే ఓపిక పోయింది, నా అరచేతిలో వేలితో రాస్తున్నాడు. తలుపు జరిగిన చప్పుడైతే కళ్లు అటు తిరుగుతున్నాయి. పాలవాడొచ్చినా, పక్కింటావిడ వచ్చినా. రండి.

హమాయో


ఇవనొసావ
ఏప్రిల్ చివర

సోబె భార్య వచ్చింది. సీసా దొరికింది. గోఇచి ముద్ర ఉంది, మూత తియ్యలేదు. ఉదయం బండికి బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం కంటే ముందు నేనే మీ గుమ్మంలో ఉంటాను. తమ్ముడికి చెప్పు, అసలుదే తెస్తున్నానని.

జిన్నోసుకె


ఇవనొసావ
జూన్

అమ్మా హమాయో,

మీ దగ్గర్నుంచి తిరిగొచ్చి నెల దాటింది. రాయడానికి కూర్చోవడం, లేవడం. ఇక్కడ వరినాట్లు అయిపోయాయి. కప్పలు అరుస్తున్నాయి.

మీ గుమ్మంలో చెప్పుల వరస చూసినప్పుడే నాకు తెలిసిపోయింది. అన్ని జతలు రోగిని చూడడానికి రావు. "వచ్చారా" అన్నావు, అంతే. వాడి ముఖం మీద గుడ్డ తీసి చూపించావు. మా నాన్న ముఖం అది. ముందురోజు సాయంత్రం పోయాడని మీ పక్కింటావిడ చెప్పింది. నేనప్పుడు సోబె ఇంట్లో టీ తాగుతున్నాను, ఆవిడ ఆ సీసా ఇవ్వడానికి ఒప్పుకోవడం లేదని బతిమాలుతూ.

అందరూ చనిపోయినవాళ్ల పెదవులు నీళ్లతో తడుపుతారు. నేను సీసా మూత తీసి, దూది ముంచి, వాడి పెదవులు మన సాకెతో తడిపాను. నువ్వు వద్దనలేదు. నేనొక గిన్నె తాగాను. ఏడుపొచ్చింది. "ఇదే, ఇదే" అన్నాను. గోఇచి, నాన్న, వాగు, ఆవిరి అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. నీకూ గిన్నె ఇచ్చాను. నువ్వు తాగావు. గిన్నె కింద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయావు.

ఆ ఒక్కటే పట్టుకుని బతుకుతున్నాను నేను. ఆలస్యమయ్యాను, సరే. కానీ మన ఇంటి సాకె వాడి పెదవులు దాటి వెళ్లింది, ఉత్త చేతులతో పంపలేదు వాణ్ణి. రోజూ అదే చెప్పుకుంటాను. కానీ పడుకున్నప్పుడు నువ్వు గిన్నె కింద పెట్టిన తీరు గుర్తొస్తుంది. నా నాలుక సంగతి నీకు తెలుసు. వాడు నీకు చెప్పినవన్నీ నీకు గుర్తుండే ఉంటాయి. అది సరైనదే కదా? అదే కదా? ఒక్క మాట రాయి. రాస్తే ఇక ఏమీ అడగను.

జిన్నోసుకె


యాయిజు
జూలై

బావగారికి,

మీ ఉత్తరం వచ్చి చాలా రోజులయింది. అవునని రాసేద్దామని కాగితం తీశాను. ఒక్క మాటే కదా. చెయ్యి రాలేదు.

సాకె విషయంలో అబద్ధం చెప్పనని మీ తమ్ముడికి మాటిచ్చాను. ఆయన పోయాడు కాబట్టి మాట పోయిందని అనుకోలేకపోతున్నాను. మిమ్మల్ని మంచి మాటలు చెప్పి పాడుచేసిన వాళ్లు చాలామంది ఉన్నారు, అందులో నేనొకదాన్ని కాలేను.

అది చెడిపోయింది బావగారూ. గిన్నెలో పొయ్యగానే తెలిసింది. సోయా సాస్‌లా నల్లటి రంగుకి తిరిగింది. ఎండలో మగ్గిన కాగితం వాసన, కింద తడి చాప వాసన. నోట్లో మట్టి. సోబె గారి భార్య దాన్ని చనిపోయిన భర్త పటం ముందు, కిటికీ పక్కన పెట్టుకుందని మీరే చెప్పారు ఆ రోజు. ఎన్ని వేసవుల ఎండ తగిలి ఉంటుందో. వేయించిన బియ్యం లేదు. పులుపు లేదు. ఆకు చేదు లేదు. మింగాక నోరు కడిగినట్టవలేదు, మరునాటిదాకా ఆ వాసన వదలలేదు.

మీ ఇంటి సాకె అసలు రుచి నేనెన్నడూ ఎరగను. ఆయన చెప్పిన మాటలు నాకు వచ్చు, అంతే. గోఇచి పోయాడు, మీ తమ్ముడు పోయాడు. మీరు "ఇదే" అన్నారు. ఇక ఆ రుచి ఎలా ఉండేదో తెలిసినవాళ్లు ఈ లోకంలో లేరు. నేను కఠినంగా రాస్తున్నానని నాకు తెలుసు. ఇంకెలా రాయాలో తెలియడం లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది మీరు అడగలేదు. ఆ చివరి మధ్యాహ్నం ఆయన నా అరచేతిలో "అన్నయ్య?" అని రాశాడు. నేను "రైల్లో ఉన్నారు" అన్నాను. మీరు రైల్లో లేరని నాకు తెలుసు, ఆగమని రాసిన మీ ఉత్తరం నా నడుం దగ్గర దోపుకునే ఉన్నాను. సాకె విషయంలో కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని, కాసేపటికి మళ్లీ రాశాడు: "ఏ ఊరు దాటారు?" నాకు ఆ దారిలో ఊళ్లు తెలియవు. నోటికొచ్చిన పేర్లు చెబుతూ పోయాను. ఒక్కో పేరుకీ ఆయన వేలు చిన్నగా కదిలేది, సరే అన్నట్టు. టోక్యో దాకా తీసుకొచ్చాను మిమ్మల్ని. ఆ తర్వాత వేలు కదల్లేదు.

ఆయన ఎదురుచూసింది సీసా కోసం కాదు. అది మీకు అప్పుడే రాశాను.

మీ మీద కోపం ఉందో లేదో వెతికి చూసుకున్నాను. ఉంది. కానీ దాన్ని మోసే బలం లేదు. మళ్లీ మంచు పడితే మీరక్కడ పిల్లల కాళ్లకి చెప్పులు తొడుగుతూ కూర్చుంటారని తలుచుకుంటే, కోపం కూడా ఎటో పోతోంది. అస్థికలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. మీ ఊళ్లో, మీ నాన్నగారి పక్కన పెట్టాలా, ఇక్కడ సముద్రం కనపడేచోట పెట్టాలా, ఆయన చెప్పలేదు. నేనడగలేదు. మీకు ఏమనిపిస్తే అది రాయండి.

నిన్న సాయంత్రం మూల కొట్టు నుంచి కొంచెం సాకె తెచ్చి ఒంటివేడికి పెట్టుకున్నాను. తాగాలని కాదు. ఆ వేళకి చెయ్యి దానంతటదే కెటిల్ మీదికి పోతోంది. ఒక గుక్క నోట్లో పెట్టుకుని, మింగి, ముక్కుతో గాలి వదిలి పైకి చెప్పాను. "ముందు తీపి. మధ్యలో పల్చగా. చివర ఏమీ లేదు."

చెప్పి ఆగాను. అది అలవాటైపోయింది, చెప్పాక ఆగడం. చీకటిపడేదాకా ఆగాను. తర్వాత లేచి గిన్నె కడిగి బోర్లించాను.

హమాయో